కనుమరుగైన గంటగోపురం: ఎర్నెస్టో డి మార్టినో

గిరిజనుల గురించి రాసిన విదేశీ పండితుడు అనగానే మన నోట ముందుగా వచ్చే పేరు హైమన్‌డార్ఫ్. మార్లవాయిలో గోండుల మధ్య ఉన్న ఆ ఆస్ట్రియా దేశస్థుణ్ణి మనవాళ్లు సొంత మనిషిగానే చూసుకున్నారు. ఆయన సముద్రాలు దాటి వచ్చాడు. ఇక్కడ మేము పరిచయం చేస్తున్న ఇటలీ పండితుడు ఎర్నెస్టో డి మార్టినో పేరు తెచ్చుకున్నది మాత్రం సొంత దేశంలోని పేద రైతుల, కూలీల ఊళ్లకు వెళ్లి. ఆయన రాసింది మన గురించి కాదు. అయినా వసతి గృహంలో పిల్లల మధ్య ఉండే మాకు, ఇంగ్లీషు అనువాదాల్లో దొరికినంత చదివితేనే, ఆయన మన గడపలోకి వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

డి మార్టినో 1908లో నేపుల్స్ నగరంలో పుట్టాడు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే ప్రాచీన గ్రీకుల మతాచారాల మీద పరిశోధన చేశాడు. తరువాత బారి పట్టణంలో చాలాకాలం బడిపంతులుగా పనిచేశాడు. (ఉపాధ్యాయ శిక్షణ పొందిన మా బోటివాళ్లకు ఈ సంగతి కాస్త గర్వంగానే ఉంటుంది.) మొదటి పుస్తకం 1941లో, మంత్ర ప్రపంచం గురించిన పేరుపొందిన గ్రంథం 1948లో వచ్చాయి. ఆ రోజుల్లోనే సోషలిస్టు పార్టీ పనిమీద దక్షిణాది భూమిలేని కూలీల మధ్య తిరిగాడు. 1950లో కమ్యూనిస్టు పార్టీలో చేరాడు.

లుకానియా ప్రాంతంలో త్రికారికో అనే కొండ ఊరుంది. ఆ ఊరి మేయరు రొక్కో స్కొతెల్లారో, తానే కవి. అక్కడి పేదల వాడలో ఒక్క గదిలోనే మనుషులూ పశువులూ కలిసి బతకడం డి మార్టినో చూశాడు. ఆ మనుషుల ముందు తనకు సిగ్గు వేసిందనీ, ఆ సిగ్గు కోపంగా మారిందనీ రాసుకున్నాడు. వాళ్లకు దక్కని చదువు, తీరిక తనకు దక్కాయని ఆ సిగ్గు. మన గూడేలకు వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లినవాళ్లు చాలామందే ఉన్నారు. సిగ్గుపడ్డామని రాసినవాళ్లు ఎందరు?

1952లో ఆయన సంగీత పరిశోధకుడు డియేగో కార్పిటెల్లా, ఫొటోగ్రాఫర్ ఫ్రాంకో పిన్నా వంటివారితో కలిసి మళ్లీ లుకానియా వెళ్లాడు. ముఖ్యంగా వెతికింది చావు ఏడుపు కోసం. మన అవ్వలు శవం దగ్గర రాగం తీసి, పోయినవాడి పనినీ మాటనూ వరసపెట్టి చెబుతూ ఏడుస్తారు కదా, అక్కడి ఆడవాళ్లదీ అదే పద్ధతి. చేతిలో చేతిరుమాలు, ఒళ్లు అటూ ఇటూ ఊపడం, తరతరాలుగా వస్తున్న మాటల వరస. చదువుకున్నవాళ్లు దీన్ని నటన అనేవారు, మోటుతనం అనేవారు. డి మార్టినో వేరుగా చూశాడు. దుఃఖం ఒక్కసారిగా మీద పడినప్పుడు మనిషి తన లోకంలో తాను నిలబడలేడు. కొయ్యబారిపోతాడు, లేదా తల బాదుకుని తనకే హాని చేసుకుంటాడు. దీనికి ఆయన ‘ఉనికి సంక్షోభం’ అని పేరు పెట్టాడు. ఏడుపుకు ఒక రాగం, ఒక వరస ఉంటే మనిషి దాన్ని పట్టుకుని మెల్లగా బతుకులోకి తిరిగి వస్తాడు. దీని మీద రాసిన పుస్తకానికి 1958లో వియరెజ్జో బహుమతి వచ్చింది.

మా పెద్ద తరగతి ఆడపిల్లలు కొందరు ఊళ్లో చావుకు వెళ్లివచ్చి, అవ్వ ఏడ్చిన తీరును అనుకరించి నవ్వుతుంటారు. వాళ్లను కోప్పడి లాభం లేదు. అలా నవ్వడం వాళ్లకు నేర్పినవాళ్లలో మేమూ ఉన్నాం.

1959 వేసవిలో ఆయన సలెంటో ప్రాంతానికి వెళ్లాడు. ఈసారి వెంట మానసిక వైద్యుడు కూడా ఉన్నాడు. అక్కడ కోతల కాలంలో కొందరికి, ఎక్కువగా ఆడవాళ్లకు, సాలెపురుగు కుట్టిందనేవారు. వాళ్లు నేలకూలేవారు. వాయిద్యగాళ్లను పిలిపించి, రంగురంగుల రిబ్బన్లు పెట్టి, ఇంట్లోనే రోజుల తరబడి ఆడించేవారు. జూన్ 29న గలతీనా ఊళ్లో సెయింట్ పాల్ గుడికి మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవారు. విచిత్రం ఏమిటంటే ఆ ‘కాటు’ మళ్లీ ఏటా అదే కాలానికి తిరగబెట్టేది. నిజంగా పురుగు కుడితే అలా జరగదు కదా! నార్డో ఊరిలో తెల్లని బట్టలతో ఆడిన ఒక స్త్రీ కథ ఆయన వివరంగా రాశాడు. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇష్టపడినవాడితో పేదరికం వల్ల పెళ్లి కుదరలేదు. ఇష్టంలేని మనువు జరిగింది. నోరు తెరిచి చెప్పుకోలేని బాధ సాలెపురుగు పేరుతో బయటికి వచ్చేదని ఆయన తేల్చాడు. 1961లో వచ్చిన ఆ పుస్తకం పేరులోని ఇటలీ మాటకు పశ్చాత్తాపం అనే అర్థం ఉంది, మళ్లీ కాటు అనే అర్థమూ ధ్వనిస్తుంది.

ఆయన అక్కడ ఉన్నది మూడు వారాలే. ఒక ఊరి బాధ తెలియడానికి అది చాలా తక్కువ అని మా అభిప్రాయం. ఇంకొకటి, ఆయన ఆచారాలను పొగిడి వదిలేయలేదు. పేదరికం పోవాలి, ఈ నాట్యం అవసరం లేని రోజు రావాలి అనే కోరుకున్నాడు. మేమూ జ్వరం వచ్చిన పిల్లను ముందు ఆసుపత్రికే తీసుకువెళ్తాం. గురువు దగ్గరికి తీసుకెళ్తామని తల్లి అడిగితే, ఆ తరువాత ఆమెను ఆపం.

కాలియారి విశ్వవిద్యాలయంలో మత చరిత్ర ఆచార్యుడిగా ఉండగా, 1965లో 56 ఏళ్లకే ఆయన మరణించాడు. రాస్తూ వదిలేసిన కాగితాలను క్లారా గల్లీని సరిచేసి 1977లో ప్రచురించింది. అందులో మమ్మల్ని కదిలించిన చిన్న సంఘటన ఒకటుంది.

కలాబ్రియాలో కారులో వెళ్తూ ఆయన బృందం దారి తప్పింది. ఒక ముసలి గొర్రెల కాపరిని అడిగారు. ఆయన చెప్పింది అర్థం కాలేదు. కారెక్కి దారి చూపించమని, తిరిగి తీసుకొచ్చి దింపుతామని బతిమాలారు. అనుమానంగానే ఎక్కాడు. కొంతదూరం పోయేసరికి అతని ఊరు మార్సెల్లినారా గంటగోపురం కనుమరుగైంది. అంతే, ముసలాయన గాభరా పడిపోయాడు. కిటికీలోంచి తల బయటపెట్టి వెనక్కి వెతుక్కోసాగాడు. గబగబా కారు వెనక్కి తిప్పారు. గోపురం మళ్లీ కనబడేసరికి అతని ముఖం తేరుకుంది. కారు దిగీ దిగగానే, వీళ్ల వీడ్కోలుకు బదులైనా చెప్పకుండా వెళ్లిపోయాడు.

కొన్నేళ్ల కిందట జూన్‌లో బడి తెరిచాక మా దగ్గర మూడో తరగతిలో ఒక పాప చేరింది. రోజూ సాయంత్రం నీళ్ల ట్యాంకు మెట్ల మీద పైదాకా ఎక్కి నిలబడేది. పిలిస్తే దిగేది కాదు. పారిపోవడానికి దారి చూసుకుంటోందని అనుకుని, మేమే మెట్ల దగ్గరి గేటుకు తాళం వేయించాం. ఆ పాప రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు వంటమనిషి అడిగితే చెప్పిందట, ఆ మెట్టు మీద నుంచి తమ ఊరి కొండ కనబడుతుందని. ఆ మాట మేము నమ్మలేదు. తరువాత మేమే ఎక్కి చూశాం. నిజమే, రెండు కొండల సందులో నీలంగా, బొటనవేలంత కనబడింది.

తాళం తీయించాం. పడిపోకుండా పక్కన ఇనుప కడ్డీ కూడా వేయించాం. ఆ పాప ఇప్పుడు తొమ్మిదో తరగతి. సాయంత్రం పూట ఆ మెట్ల మీద ఈ ఏడు చేరిన చిన్నపిల్లలు కూర్చుంటున్నారు. ఏ ఊరి కొండ ఎటువైపు ఉందో వాళ్లకు చూపించేది ఆ పాపే.