భౌతిక యంత్రం నుంచి వర్చువల్ మెషీన్‌కు: బూట్ వైఫల్యం

పాత కంప్యూటర్ డిస్కును యథాతథంగా ప్రతి తీసి వర్చువల్ మెషీన్‌లో నడిపితే, విండోస్ తరచుగా నీలి తెరతో ఆగిపోతుంది. ఆ తెరపై ఎక్కువగా కనబడే ఎర్రర్ కోడ్ స్టాప్ 7బి. కెర్నల్ లోడయ్యాక, తన సిస్టమ్ ఉన్న డిస్కునే చేరుకోలేకపోయిందని దీని అర్థం.

డిస్కు చెడిపోయిందనుకోవడం పొరపాటు. విండోస్ ఎక్స్‌పీ తాను ఇన్‌స్టాల్ అయిన మదర్‌బోర్డు కంట్రోలర్‌కు సరిపడే డ్రైవర్‌నే బూట్‌కు సిద్ధంగా ఉంచుకుంటుంది. వర్చువల్ మెషీన్ చూపించే కంట్రోలర్ వేరు. అందుకే ప్రతి తీసేముందే రిజిస్ట్రీలో సాధారణ ఐడీఈ డ్రైవర్లను నమోదు చేస్తారు. విండోస్ 7లోనైతే ఎంఎస్ఏహెచ్‌సీఐ సర్వీసు స్టార్ట్ విలువను 3 నుంచి 0కు మార్చి, వర్చువల్ డిస్కును ఏహెచ్‌సీఐ కంట్రోలర్‌కు తగిలించవచ్చు. అసలు యంత్రం మూలన పడి ఉంటే, ఇన్‌స్టలేషన్ డిస్కుతో బూట్ చేసి రిజిస్ట్రీని బయటి నుంచే సవరించాలి, ఓపిక కావాలి.

ఇంటెల్‌పీపీఎం అనే ప్రాసెసర్ డ్రైవర్ కూడా వర్చువల్‌బాక్స్‌లో ఎక్స్‌పీని కూల్చగలదు. దాన్ని నిలిపేస్తే సరిపోతుంది.

యూఈఎఫ్ఐ యంత్రపు డిస్కును బయోస్ పద్ధతిలో తెరిస్తే నీలి తెర దాకా కూడా వెళ్లదు: హైపర్-వీలోనైతే యూఈఎఫ్ఐతో నడిచే జనరేషన్ 2 ఎంచుకోవాలి.

లైనక్స్‌లో గొడవ తక్కువే. రెస్క్యూ కెర్నల్‌తో బూట్ చేసి, డ్రాకట్ అనే సాధనంతో, బూట్ మొదట్లో వాడే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ను మళ్లీ తయారుచేస్తే కావలసిన డ్రైవర్లు అందులో చేరతాయి.