భోకర్ పట్టాల నుంచి ఢిల్లీ మ్యూజియం దాకా

నాందేడ్ జిల్లా భోకర్ మీదుగా సాగే ముద్‌ఖేడ్–ఆదిలాబాద్ మార్గం ఒకప్పుడు మీటర్‌గేజ్. పట్టాల మధ్య 1,000 మిల్లీమీటర్లే. ఇప్పుడది 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజ్. ఆ పాత బండ్లు ఇక్కడి పిల్లలు ఎరగరు.

వాటిని చూపించాలంటే ఢిల్లీ చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి తీసుకెళ్లాలి. రైల్వే కార్మిక నేతగా ఎదిగిన తెలుగువాడు వి.వి.గిరి, రాష్ట్రపతి హోదాలో 1971లో దానికి శంకుస్థాపన చేశారు. 1977లో అది ప్రారంభమైంది.

అక్కడ పిల్లలకు తప్పక చూపాల్సింది పటియాలా మోనోరైలు. 1907 నాటి ఈ బండి బరువు దాదాపు అంతా ఒకే పట్టా మోస్తుంది; పక్కనున్న పెద్ద చక్రం రోడ్డు మీద దొర్లుతూ, బండి ఒరిగిపోకుండా కాస్తుంది. వంగి చక్రాల కింద చూస్తే చాలు, చిన్నపిల్లలకూ కిటుకు అర్థమైపోతుంది. తర్వాత ఆవరణలో తిరిగే బుల్లి రైలు ఎక్కించవచ్చు.