పెంటబండి వెనక చరిత్ర

కోనసీమలో సేంద్రియ వ్యవసాయాన్ని గురించి రాసేవారు చాలామంది ‘తాతల నాటి పద్ధతి’ అని తేల్చేస్తారు. ఆ తాతల కాలంలో భూమి ఎవరిది, పెంట మోసిందెవరు అన్న ప్రశ్న రానే రాదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల వెంట వరి స్థిరపడింది. చేలకు బలం గోదావరి ఒండ్రు, పశువుల పెంట, పూతకు రాగానే దున్నేసే జనుము, జీలుగ. పిల్లిపెసర అయితే పశువుకు మేత, చేనుకు ఎరువు. ఇందులో రసాయనం లేదు, నిజమే. కాని పెంట తవ్వి, గంపకెత్తి, చేలో చిమ్మింది పాలేర్లు, కూలీలు. వారిలో చాలామంది భూమి లేని దళితులు. పచ్చని చేలను వర్ణించిన మన కవిత్వం ఆ గంప జోలికి పెద్దగా పోలేదు.

1960ల చివర ఐ.ఆర్. 8, ఆ తర్వాత మార్టేరు వారి స్వర్ణ వచ్చాయి. పొట్టి వంగడాలు యూరియా అడిగాయి. దాళ్వా పెరిగి పచ్చిరొట్టకు వ్యవధి తగ్గింది. ట్రాక్టరుతో ఎద్దు పోయింది, ఎద్దుతో పెంట పోయింది. దీన్ని రైతు అజ్ఞానమనటం అన్యాయం: గింజ పెరిగింది, తిండికి లోటు తగ్గింది. పెరిగిన గింజకు ధర గిట్టక, మురుగు పారక, 2011 సార్వాలో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు.

ఇప్పుడు ప్రభుత్వమే ఘనజీవామృతం కలపమంటోంది. మంచిదే. అయితే నేల కోలుకోవటానికి ఏళ్లు పడుతుంది. కౌలుదారుకు చేను దక్కేది తరచు ఒక్క ఏడాదికే. వచ్చే ఏడు ఎవరి పాలవుతుందో తెలియని నేలకు పెంట ఎవడు తోలుతాడు? సాగుదారు హక్కులకని తెచ్చిన 2019 చట్టం కూడా కౌలుకార్డుకు భూయజమాని సంతకం అడిగింది.