నివాసయోగ్యము కాని గృహముల తనిఖీ (ఇంగ్లండు)

పేదల యిండ్లను పరీక్షించి, మానవవాసమునకు తగనివానిని మూయించు అధికారము ఇంగ్లండులోని స్థానిక సంస్థలకు 1868 నాటి టారెన్స్ చట్టముతోనే సంక్రమించెను. 1890 నాటి చట్టము ఆ తనిఖీని విధిగా శాసించినను, దాని పద్ధతిని నిర్దేశింపకపోవుటచే, పలుచోట్ల ఫిర్యాదు వచ్చినపుడు గాని శానిటరీ ఇన్‌స్పెక్టరు గుమ్మము తొక్కుట లేకుండెను. 1909 నాటి గృహనిర్మాణ, నగరప్రణాళికా చట్టమును, దాని ననుసరించి 1910లో లోకల్ గవర్నమెంటు బోర్డు వెలువరించిన నియమములును ఈ కొరతను తీర్చినవి.

ఈ నియమముల ప్రకారము నీటి వసతి, మరుగుదొడ్డి, మురుగు కాలువ, వెలుతురు, గాలి, చెమ్మ, పరిశుభ్రత, పెరటి స్థితి, చెత్త వేయు ఏర్పాటు మున్నగునవి ఇంటింటికిని నమోదు కావలసియుండెను. వీధిమట్టమునకు మూడడుగుల కంటె లోతున నేలగలిగి, పడకగదిగా వాడబడు గదిని గూర్చి ప్రత్యేకముగా విచారింపవలెను. ఆరోగ్యాధికారి నివేదికపై, పూర్వమువలె మేజిస్ట్రేటు నాశ్రయింపకయే, కౌన్సిలు తానే మూసివేత ఉత్తరువు నీయవచ్చును. యజమాని బోర్డునకు అప్పీలు చేసికొనవచ్చును.

ఈ అప్పీలు విధానమే న్యాయశాస్త్రములో చిరస్థాయియైన వివాదమునకు మూలమయ్యెను. హాంప్‌స్టెడ్‌లోని ఒక యింటిపై వెలువడిన మూసివేత ఉత్తరువును గూర్చిన ఆర్లిడ్జ్ వ్యాజ్యమున, తన మొరను తీర్చిన అధికారి యెవరో తెలియదనియు, విచారణ జరిపిన ఇన్‌స్పెక్టరు నివేదికను తనకు చూపలేదనియు వాది ఆక్షేపించెను. అప్పీలు కోర్టు అతని పక్షము వహించినను, 1914లో ప్రభుసభ ఆ తీర్పును త్రోసిపుచ్చి, పరిపాలనాశాఖ న్యాయబుద్ధితో వర్తించిన చాలుననియు, న్యాయస్థానపు తీరునే అనుసరింపనక్కర లేదనియు నిర్ణయించెను. పండితులు ఈ తీర్పును ఎంతగా చర్చించిరో, ఆ యింట కాపురమున్నవారిని అంతగా విస్మరించిరి.

నిజమునకు చిక్కంతయు కాపురస్థుల యందే యుండెను. మూసివేత అమలునకు రాగానే అద్దెకున్నవారు ఇల్లు విడువవలెను. కౌన్సిలు తోచినచో సామాను తరలింపు ఖర్చు నీయవచ్చును గాని, వేరొక యిల్లు చూపుట దాని విధి కాదు. మరమ్మతు చేయుమని నోటీసు పొందిన యజమాని సైతము, ఖర్చునకు వెనుదీసి, ఇంటినే మూసివేయుదునని ప్రకటించి తప్పించుకొనుటకు 1909 నాటి చట్టమే దారి యిచ్చెను. అందుచే వివేకముగల ఆరోగ్యాధికారులు మూసివేతను తుది ఉపాయముగా నుంచుకొని, చెప్పియో ఒత్తిడి చేసియో మరమ్మతులు చేయించుటకే మొగ్గు చూపిరి. 1914లో యుద్ధము రాగా, ఈ కార్యక్రమము చాలవరకు స్తంభించెను.

ఇండ్ల యవసరమును లెక్కించి, కట్టించు ప్రణాళికలు సమర్పింపుడని కౌన్సిళ్లను నిర్బంధించినది 1919 నాటి ఆడిసన్ చట్టము. అట్లు వెలసిన క్రొత్త యిండ్ల అద్దెలు మాత్రము, మూతపడిన యిండ్లలో నివసించిన నిరుపేదలకు సామాన్యముగా అందుబాటులో లేకపోయెను.