చక్రం ఆగితే బండి ఆగినట్టేనా?

విద్యుత్ కారు ఎంత దూరంలో ఆగుతుందన్న చర్చ వస్తే మాట మోటారు మీదికో, బ్యాటరీ బరువు మీదికో, సాఫ్ట్‌వేర్ మీదికో పోతుంది. టైరు దాకా వచ్చేసరికి చర్చించేవాళ్లకు ఓపిక అయిపోతుంది. నిజానికి బండిని ఆపే విద్య నూరేళ్లకు పైగా రెండు దారుల్లో పెరిగింది. చక్రాన్ని పట్టి ఆపడం ఒకటి, ఆ చక్రం రోడ్డును పట్టుకునేలా చూడడం మరొకటి. పేరంతా మొదటిదానికే దక్కింది. ఎండిన రోడ్డు మీద దీనివల్ల పెద్ద నష్టం లేదు. మంచు కురిసే దేశాల్లో మాత్రం ఈ చిన్నచూపు ఖరీదైనది, విద్యుత్ కారు వచ్చాక ఆ ఖరీదు ఇంకా పెరిగింది.

మొదటి దారి కథ త్వరగా చెప్పుకోవచ్చు. వేడెక్కితే సడలిపోయే డ్రమ్ బ్రేకుల కాలంలో, 1953 లె మాన్స్ రేసును డిస్క్ బ్రేకులున్న జాగ్వార్ సి-టైప్ గెలిచింది. 1978లో చక్రం బిగుసుకుపోకుండా చూసే బాష్ వారి ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్-క్లాస్‌లోకి వచ్చింది, 1995లో దాని వెనకే బండి పక్కకు తిరిగిపోకుండా చూసే ఈఎస్‌పీ వచ్చింది. ఇవన్నీ గొప్పవే. కానీ ఇవి చేసిన పని, రోడ్డుకూ రబ్బరుకూ మధ్య అప్పటికే ఉన్న పట్టును వృథా పోనివ్వకపోవడం. లేని పట్టును పుట్టించడం వీటి చేతిలో లేదు. వదులు మంచులో అయితే ఏబీఎస్ ఆగే దూరాన్ని కాస్త పెంచుతుంది కూడా, ఎందుకంటే బిగుసుకుపోయిన చక్రం ముందు మంచు గుట్టగా పేరుకుని అడ్డుపడుతుంది, తిరుగుతున్న చక్రానికి ఆ సాయం ఉండదు. లెక్క వేసి చూడండి. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో, ఘర్షణ గుణకం 0.8 ఉండే ఎండిన తారు మీద బ్రేకు పడ్డాక బండి సుమారు 12 మీటర్లలో ఆగుతుంది. అణగి గట్టిపడిన మంచు మీద, గుణకం 0.3 అనుకుంటే, 33 మీటర్లు. గాజులా గడ్డకట్టిన నీటి మీద 0.1 అయితే దాదాపు 98 మీటర్లు. ఈ లెక్కలో ఇంజను ఎక్కడా రాదు, బ్రేకు ఏ రకమన్నదీ రాదు.

ఆ గుణకాన్ని పెంచే పని 1934లో ఫిన్లాండ్‌లో మొదలైంది. నోకియా పట్టణంలోని సూమెన్ గుమ్మితెహ్దాస్ అనే రబ్బరు కంపెనీ లారీల కోసం కెలిరెంగాస్ అనే టైరు చేసింది. లోతైన మంచులో కూరుకోకుండా దాని మీద అడ్డంగా గాడులు వేశారు. 1936లో అదే కంపెనీ కార్ల కోసం హక్కపెలిట్ట తెచ్చింది. అప్పటి సమస్య ఆగడం కాదు, ముందుకు పోవడం. 1960లలో లోహపు మేకులు దిగ్గొట్టిన టైర్లు వచ్చాకే గడ్డకట్టిన రోడ్డు మీద ఆగడం అసలు సమస్యగా ముందుకొచ్చింది. మేకులు మంచును గుచ్చి పట్టుకున్నాయి, మంచు కరిగిన చోట రోడ్డునూ అలాగే గీరాయి. జపాన్‌లో సెందాయ్, సప్పోరో నగరాలు 1980లలో ఆ ధూళితో ఉక్కిరిబిక్కిరయ్యాయి. 1990లో అక్కడ మేకు టైర్ల మీద ఏకంగా చట్టమే వచ్చింది. ఈ ఒత్తిడే మేకుల్లేని చలికాలపు టైరుకు ప్రాణం పోసింది. బ్రిడ్జ్‌స్టోన్ 1988లో తెచ్చిన బ్లిజాక్ రబ్బరులో సన్నని బుడగలుంటాయి. మంచుగడ్డ మీద టైరును జార్చే పలచని నీటి పొరను అవి పీల్చుకుంటాయి. దీనికి తోడు చలిలోనూ మెత్తగా ఉండే మిశ్రమం, వందలాది సన్నని చీలికలు. మామూలు వేసవి టైరు సుమారు 7 డిగ్రీల దిగువన బిరుసెక్కడం మొదలవుతుంది, చలికాలపు టైరు అక్కడినుంచే తన పని చూపిస్తుంది. చట్టాలు కూడా ఈ రెండో దారినే నమ్మాయి. స్వీడన్ 1999 డిసెంబరు నుంచి, క్విబెక్ 2008 నుంచి, జర్మనీ 2010 నుంచి చలికాలపు టైర్లను ఏదో ఒక రూపంలో తప్పనిసరి చేశాయి.

ఇక విద్యుత్ కారు. మోటారును జనరేటరుగా మార్చి బండిని నెమ్మదింపజేసే రీజెనరేటివ్ బ్రేకింగ్ కొత్తదేమీ కాదు. 1890లలో పారిస్‌లో లూయీ క్రీగర్ చేసిన విద్యుత్ బండ్లలోనే అది ఉంది. 1967లో అమెరికన్ మోటార్స్ అమిట్రాన్ నమూనాలో మళ్లీ కనిపించింది, 1997లో టొయోటా ప్రియస్‌తో జనంలోకి వచ్చింది, 2013లో బీఎండబ్ల్యూ ఐ3 ఒక్క పెడల్‌తోనే బండి నడిపే అలవాటు నేర్పింది. కానీ చలి ఈ పద్ధతికి రెండు చోట్ల అడ్డుపడుతుంది. బాగా చల్లబడిన లిథియం బ్యాటరీలోకి విద్యుత్తును బలంగా ఎక్కిస్తే ఆనోడు మీద లిథియం లోహంగా పేరుకుని సెల్ పాడవుతుంది. అందుకని కారే రీజెన్‌ను తగ్గించేస్తుంది. నిన్న కాలు తీస్తే చాలు తగ్గిన వేగం ఈ రోజు పొద్దున తగ్గదు. ఇటీవలి కార్లు ఆ లోటును మామూలు బ్రేకుతో పూడుస్తున్నాయి కాబట్టి ఇది తీరే చిక్కే. రెండోదే మొండిది. వెనక చక్రాలతో నడిచే కారులో బలమైన రీజెన్ వెనక ఇరుసు మీదే పడుతుంది, జారుడు రోడ్డు మీద తోక పక్కకు లాగుతుంది. మోటారు మిల్లీసెకన్లలో సర్దుకుంటుంది, నిజమే, కానీ దేన్ని ఆధారం చేసుకుని సర్దుకోవాలి? వెనక టైరుకు ఉన్న పట్టునే. ఇంకో చిత్రం కూడా ఉంది: రీజెన్ వల్ల డిస్కులకు పని తగ్గి, రోడ్డు మీద చల్లే ఉప్పుకు అవి తుప్పు పడుతున్నాయి. అందుకే 1953లో ఓడిపోయిన డ్రమ్ బ్రేకు ఫోక్స్‌వాగెన్ ఐడీ.3 వెనక చక్రాల్లోకి తిరిగొచ్చింది.

దీనికి సాఫ్ట్‌వేర్‌ను చూపించి ఎదురు చెప్పేవాళ్లుంటారు. 2018లో కన్స్యూమర్ రిపోర్ట్స్ పరీక్షలో టెస్లా మోడల్ 3 గంటకు 60 మైళ్ల వేగం నుంచి ఆగడానికి 152 అడుగులు తీసుకుంది. కంపెనీ గాలిలోంచి పంపిన సవరణ తర్వాత అది 133 అడుగులకు తగ్గింది. ఇంట్లో నిలిపి ఉన్న కారుకు బ్రేకులు బాగుపడడం చరిత్రలో చిన్న విషయం కాదు. అయితే ఆ 19 అడుగులు ఎక్కడినుంచి వచ్చాయి? ఎండిన రోడ్డు మీద అవే టైర్లలో అప్పటికే ఉండి వాడుకోకుండా మిగిలిపోయిన పట్టులోంచి. గడ్డకట్టిన నీటి మీద వేసవి టైరుకు అలాంటి మిగులు దాదాపు ఉండదు, ఎంత తెలివైన ప్రోగ్రామ్ రాసినా అక్కడ తవ్వుకునేది లేదు. బరువు మాటా వినిపిస్తుంది, బ్యాటరీ మూడు నాలుగు వందల కిలోలుంటుంది కదా అని. బరువు పెరిగితే ఆపాల్సిన శక్తి పెరుగుతుంది, రోడ్డు మీద ఒత్తిడీ దాదాపు అంతే పెరుగుతుంది, కాబట్టి పై లెక్కలో బరువు కొట్టుకుపోతుంది. పూర్తిగా కాదు. భారం పెరిగేకొద్దీ రబ్బరు ఇచ్చే పట్టు నిష్పత్తి కాస్త తగ్గుతుంది. అది చలికాలపు టైరు అవసరాన్ని పెంచే వాదనే.

నాలుగు చక్రాలకూ మోటారు శక్తి ఉన్న కారుకు ఆల్-సీజన్ టైర్లు చాలవా అన్న ప్రశ్న టొరాంటోలోనో మినియాపొలిస్‌లోనో మొదటి చలికాలం చూస్తున్న మన తెలుగు కుటుంబాల్లోనూ వినిపించేదే. నాలుగు చక్రాల శక్తి కదలడానికి పనికొస్తుంది. ఆగడానికి ఏ కారైనా నాలుగు చక్రాలనూ ఎప్పటినుంచో వాడుతూనే ఉంది, అందులో అదనపు లాభం లేదు. పైగా విద్యుత్ మోటారు ఎంత నెమ్మదిగా, ఎంత కుదురుగా బండిని కదిలిస్తుందంటే రోడ్డు జారుతోందన్న సంగతే నడిపేవారికి తెలియదు, మొదటిసారి తెలిసేది బ్రేకు తొక్కినప్పుడు. మూడు శిఖరాల కొండ మీద మంచుపువ్వు ఉన్న గుర్తు చూసి ధీమా పడడమూ పూర్తిగా సరికాదు. 1999లో ఉత్తర అమెరికాలో మొదలైన ఆ గుర్తుకు అక్కడ చేసే పరీక్ష మంచులో ముందుకు లాగే పట్టును కొలుస్తుంది, గడ్డకట్టిన రోడ్డు మీద ఆగే దూరాన్ని కాదు.

గట్టి అభ్యంతరం ఒక్కటే మిగులుతుంది: మెత్తని రబ్బరు ఎక్కువ శక్తి తింటుంది, అసలే చలికి తగ్గిన రేంజి ఇంకా తగ్గుతుంది. ఇది నిజం. టైరు కంపెనీలు విద్యుత్ కార్ల కోసమే చలికాలపు టైర్లు చేస్తూ పట్టునూ రేంజినీ రాజీపరచాలని చూస్తున్నాయి, ఆ పాత ఫిన్లాండ్ రబ్బరు కంపెనీ వారసురాలైన నోకియన్ వారి హక్కపెలిట్ట ఆర్5 ఈవీ వాటిలో ఒకటి. 2024లో అమ్ముడైన కొత్త కార్లలో దాదాపు 89 శాతం విద్యుత్తువే అయిన నార్వేలో మాత్రం ఈ బేరానికి ఒక హద్దుంది. రేంజి కోసం ఎంత రాజీపడినా, అక్కడ చలికాలంలో ఏ కారు టైరుకైనా కనీసం 3 మిల్లీమీటర్ల గాడి లోతు ఉండి తీరాలి, వేసవిలో అయితే 1.6 చాలు.