వాననీటి హరిత వ్యవస్థలు: కాలనీ స్థాయి ప్రణాళిక చరిత్ర

ఇళ్ల కప్పుల మీద, రోడ్ల మీద, సిమెంటు వాకిళ్ల మీద పడిన వాననీటిని గొట్టాల్లోకి మళ్లించి ఊరి బయటికి తోసేయకుండా, పడిన చోటికి దగ్గరలోనే మట్టి, మొక్కలు, గుంతలు, చెరువుల సాయంతో నిలిపి, ఇంకించి, మిగిలినదాన్ని నెమ్మదిగా దిగువకు వదిలే ఏర్పాట్లను వాననీటి హరిత వ్యవస్థలు అంటారు. రెయిన్ గార్డెన్లు, గడ్డి కాలువలు, నీరు ఇంకే పేవ్‌మెంట్లు, మొక్కలు పెంచిన డాబాలు, ఇంకుడు గుంతలు, వరదనీటి పార్కులు ఈ కోవలోకి వస్తాయి. వీటిని ఏ ఇంటికి ఆ ఇల్లు విడిగా కాకుండా, ఒక వీధికో కాలనీకో కలిపి, నేల వాలును బట్టి రూపొందించడం గత యాభై ఏళ్లలో బలపడిన పద్ధతి.

మట్టి నేల మీద పడిన వానలో ఎక్కువ భాగం ఇంకిపోతుంది, కొంత ఆవిరవుతుంది. అదే నేలను కప్పులు, రోడ్లు కప్పేస్తే నీళ్లన్నీ ఒక్కసారిగా పల్లానికి పరుగెడతాయి. కాలువ ఎంత వెడల్పుగా ఉన్నా, ఎగువన కొత్త కట్టడాలు వచ్చేకొద్దీ చాలకుండా పోతుంది. తొలి వానకు రోడ్డు మీది నూనె, టైర్ల పొడి, చెత్త కూడా కొట్టుకుపోయి వాగుల్లో కలుస్తాయి. మురుగు, వాననీరు ఒకే గొట్టంలో పారే పాత నగరాల్లో గట్టి వాన పడితే మురుగే నదిలోకి పొంగుతుంది.

పూర్వ చరిత్ర

మొహెంజొదారోలో ఇటుక కాలువలు, రోమ్‌లో క్లోకా మాక్సిమా ఉండేవి. దక్కన్‌లో కాకతీయుల కాలానికే ఒక చెరువు అలుగు పారితే దిగువ చెరువు నిండేలా గొలుసుకట్టు చెరువులు విస్తరించాయి. 1858లో థేమ్స్ నది దుర్గంధం భరించలేక లండన్ నగరం జోసెఫ్ బజల్‌గెట్ చేత భారీ భూగర్భ కాలువలు కట్టించాక, నీటిని వీలైనంత త్వరగా బయటికి పంపడమే నగర ఇంజినీర్ల లక్ష్యమైంది. దానికి భిన్నంగా ఆలోచించినవాడు భూదృశ్య శిల్పి ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్. బోస్టన్‌లోని బ్యాక్ బే ఫెన్స్‌ను ఆయన 1870ల చివర చేపట్టాడు. చూసేవారికి అది పార్కు. పోటు నీటిని, వరదను పట్టి ఉంచడం దాని అసలు పని.

కాలనీ ప్రయోగాలు

భూదృశ్య శిల్పి ఇయాన్ మెక్‌హార్గ్ సలహాతో టెక్సాస్‌లో 1974లో ప్రారంభమైన ది వుడ్‌లాండ్స్ పట్టణంలో, నీరు బాగా ఇంకే నేలలను ముందే గుర్తించి, వాటిని వీలైనంతవరకు ఖాళీగా వదిలి మిగతా చోట ఇళ్లు కట్టే పద్ధతి పాటించారు. దీనికంటే చిన్నది, ఒక విధంగా దీనికంటే విలువైనది కాలిఫోర్నియాలోని డేవిస్‌లో మైకేల్ కార్బెట్, జూడీ కార్బెట్ దంపతులు 1970ల మధ్యలో మొదలుపెట్టిన విలేజ్ హోమ్స్ కాలనీ. రెండు వందలకు పైగా ఇళ్లున్న ఈ కాలనీలో వాననీటికి భూగర్భ గొట్టాల బదులు ఇళ్ల మధ్య లోతు తక్కువ గడ్డి కాలువలు తవ్వారు. నగర ఇంజినీర్లు ఒప్పుకోలేదు. విఫలమైతే మామూలు కాలువలు వేయించేందుకు పూచీకత్తు కట్టమన్నారు. కార్బెట్ దంపతులు కట్టారు. కాలువలు తర్వాతి పెద్ద వానలను తట్టుకున్నాయి, గొట్టాల మీద మిగిలిన డబ్బు చెట్లకూ తోటలకూ వెళ్లింది.

అమెరికా చట్టాలూ ఈ దిశగా కదిలాయి. 1972 నాటి స్వచ్ఛ జల చట్టం ముఖ్యంగా ఫ్యాక్టరీల, మురుగు శుద్ధి కేంద్రాల విడుదలల మీద దృష్టి పెట్టింది. 1987 సవరణతో నగరాల వాననీరు కూడా అనుమతుల పరిధిలోకి వచ్చింది. 1990లో పెద్ద నగరాలకు, 1999లో చిన్నవాటికి నియమాలు వెలువడ్డాయి. వాననీటి కాలువ ఎక్కడ కలుస్తోందో, అందులో ఏం పారుతోందో నగరపాలక సంస్థలు జవాబు చెప్పాల్సి వచ్చింది.

ప్రిన్స్ జార్జెస్ కౌంటీ

వాషింగ్టన్ నగరం పక్కనే, మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్న ఈ కౌంటీలో 1990లో డిక్ బ్రింకర్ అనే బిల్డర్ కొత్త లేఅవుట్ వేస్తున్నాడు. నిబంధన ప్రకారం లేఅవుట్ చివర వాననీటి కుంట తవ్వాలి. దాని బదులు ప్రతి ఇంటి ఆవరణలో మొక్కలతో కూడిన చిన్న పల్లాలు ఏర్పాటు చేస్తే సరిపోదా అని కౌంటీ పర్యావరణ శాఖలోని లారీ కాఫ్‌మన్‌ను అడిగాడు. అలా పుట్టిన సోమర్‌సెట్ కాలనీలో ఒక్కో ఇంటికి 300 నుంచి 400 చదరపు అడుగుల రెయిన్ గార్డెన్ వచ్చింది. సాధారణ వానలకు బయటికి పారే నీరు 75 నుంచి 80 శాతం తగ్గింది. మామూలు కాలువలకంటే ఖర్చూ బాగా తగ్గింది. కౌంటీ 1999లో వెలువరించిన 'లో ఇంపాక్ట్ డెవలప్‌మెంట్' మార్గదర్శిని అమెరికా అంతటా చేతిపుస్తకమైంది.

రెయిన్ గార్డెన్ నిర్మాణం చెప్పుకోదగినంత సులువు. చుట్టూ ఉన్న నేలకంటే జానెడు పల్లంగా గుంత చేసి, ఇసుక పాలు ఎక్కువగా ఉన్న మట్టిలో కంపోస్టు కలిపి నింపుతారు. పైన ఆకుచెత్త పరిచి, నీట మునిగినా ఎండకు వాడినా బతికే స్థానిక మొక్కలు నాటుతారు. నిలిచిన నీరు రెండు మూడు రోజుల్లోపు ఇంకిపోవాలి, లేదంటే దోమలు చేరతాయి. పొంగే నీటికి ఒక పక్క దారి వదలడం తప్పనిసరి. ఆ దారి మరిచిన తోట మొదటి కుంభవృష్టికే ఇంటి గడప మీదికి వస్తుంది.

సియాటిల్, పోర్ట్‌లాండ్

సియాటిల్ నగరం 2001లో పూర్తిచేసిన 'సీ స్ట్రీట్' ఈ చరిత్రలో అందరూ చూడవలసిన వీధి. పైపర్స్ క్రీక్ అనే వాగుకు ఎగువన, నార్త్‌వెస్ట్ 117వ, 120వ వీధుల మధ్య ఉన్న సెకండ్ అవెన్యూలో రోడ్డు వెడల్పును 25 అడుగుల నుంచి 14 అడుగులకు కుదించి, వంపులు తిప్పారు. మిగిలిన స్థలంలో రెండు వైపులా పల్లపు తోటలు వేసి, వందకు పైగా చెట్లు, 1,100 పొదలు నాటారు. మొక్కల సంరక్షణలో ఆ వీధివాళ్లే పాలుపంచుకున్నారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం కొలతల్లో వీధి దాటి పోయే వాననీరు 99 శాతం తగ్గిందని తేలింది. ఆ తర్వాత వెస్ట్ సియాటిల్‌లో 129 ఎకరాల హై పాయింట్ గృహ సముదాయాన్ని మొత్తంగా ఇదే పద్ధతిలో మళ్లీ కట్టారు. లాంగ్‌ఫెలో క్రీక్ పరీవాహక ప్రాంతంలో దాదాపు పదో వంతు దాని కిందికి వస్తుంది.

ఇదే నగరం చేదు అనుభవాన్నీ చూసింది. 2010లో బ్యాలర్డ్ ప్రాంతంలో రోడ్డు పక్కన తవ్విన తోటల్లో కొన్నింటిలో నీరు ఇంకకుండా రోజుల తరబడి నిలిచింది. ఇళ్లవాళ్లు అభ్యంతరపెట్టారు, నగర యంత్రాంగం కొన్నింటిని పూడ్చి, కొన్నింటిని మార్చి కట్టాల్సి వచ్చింది. నేల కింద ఏముందో ప్రతి చోటా పరీక్షించాలన్న పట్టుదల ఇక్కడి నుంచే బలపడింది. కోహో సాల్మన్ చేపలు నగర వాగుల్లో గుడ్లు పెట్టకముందే ఎందుకు చచ్చిపోతున్నాయన్న ప్రశ్నకూ ఈ ప్రాంతమే జవాబు వెతికింది. రోడ్డు నీటిని రెయిన్ గార్డెన్ మట్టిలో వడకడితే చేపలు బతుకుతున్నాయని 2015లో ప్రచురితమైన పరిశోధన చూపింది. చంపుతున్నది టైర్ల రబ్బరు నుంచి వచ్చే 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనమని 2020లో వెల్లడైంది.

ఓరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ పాత ఇళ్లున్న నగరాలకు దారి చూపింది. ఇళ్ల కప్పుల నుంచి దిగే గొట్టాలను మురుగు కాలువ నుంచి విడదీసి తోటలోకి మళ్లిస్తే ఒక్కో గొట్టానికి 53 డాలర్లు ఇచ్చే పథకం 1993 నుంచి 2011 వరకు నడిచి, 56 వేలకు పైగా గొట్టాలను విడదీసింది. సిస్కియూ వీధిలో 2003లో రోడ్డు మీదికి కాస్త జరిపి కట్టిన రెండు తోటలు తొలి 'గ్రీన్ స్ట్రీట్'. 2005లో పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయం పక్కన ట్వెల్ఫ్త్ అవెన్యూలో ఫుట్‌పాత్‌కూ రోడ్డుకూ మధ్య నాలుగు తొట్లు వరుసగా కట్టారు. రోడ్డు అంచు వెంట పారే నీరు అడుగు వెడల్పు సందు గుండా మొదటి తొట్టిలోకి దిగుతుంది. ఆరంగుళాలు నిండాక మరో సందు గుండా రోడ్డెక్కి రెండో తొట్టికి, అలా నాలుగోదాకా పారుతుంది. నాలుగూ నిండితేనే మిగులు పాత కాలువలోకి పోతుంది. కారు దిగేవాళ్లు తొట్టిలో కాలు పెట్టకుండా మూడడుగుల నడక దారి వదలడం ఈ నమూనాలోని మెచ్చుకోదగిన వివరం. 2007లో గ్రీన్ స్ట్రీట్లను నగర మండలి అధికారిక విధానంగా స్వీకరించింది.

2011లో ఫిలడెల్ఫియా 'గ్రీన్ సిటీ, క్లీన్ వాటర్స్' పేరుతో 25 ఏళ్ల ప్రణాళిక ప్రారంభించి, కొత్త సొరంగాల బదులు ప్రధానంగా వీధుల మీదే భారం వేసింది. అంతకుముందు ఏడాది నుంచే పెద్ద వ్యాపార స్థలాలకు వాననీటి రుసుమును, నీళ్లు ఇంకని విస్తీర్ణం ఎంతుందో దాన్ని బట్టి లెక్కకట్టసాగింది.

ఇతర దేశాలు

స్వీడన్‌లోని మాల్మోలో తరచూ మునిగే ఆగస్టెన్‌బోర్గ్ కాలనీని 1998 నుంచి తెరిచిన కాలువలు, కుంటలు, పచ్చని కప్పులతో మార్చారు. 2014 ఆగస్టు కుంభవృష్టికి నగరం మునిగినా ఈ కాలనీకి నష్టం తక్కువ. కోపెన్‌హాగన్‌లో 2011 జూలై 2న మూడు గంటల్లోపే 150 మిల్లీమీటర్ల దాకా వాన కురిశాక, 2012లో ఆ నగరం కుంభవృష్టి ప్రణాళిక రూపొందించింది. సింగపూర్ 2012లో బిషాన్ పార్కులోని 2.7 కిలోమీటర్ల కాంక్రీటు కాలువను మెలికలు తిరిగే ఏరుగా మార్చింది. చైనా 2015లో 16 నగరాలతో 'స్పాంజ్ సిటీ' కార్యక్రమం మొదలుపెట్టింది. భూదృశ్య శిల్పి యూ కాంగ్‌జియాన్ ఆ ఆలోచనకు ప్రధాన ప్రచారకుడిగా నిలిచాడు. 2021 జూలైలో జెంగ్‌జౌ నగరంపై ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు ఇలాంటి ఏర్పాట్లకూ హద్దులున్నాయని తెలిసింది. ఇవి తరచూ వచ్చే వానలకు ఉద్దేశించినవి; అరుదైన ప్రళయానికి కాలువలు, జలాశయాలు, ఖాళీ పల్లాలు కూడా కావాలి.

తెలుగు నాట

1908 సెప్టెంబరు 28 నాటి మూసీ వరద హైదరాబాద్‌లో వేలమందిని బలిగొన్నాక, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో ఉస్మాన్‌సాగర్ (1920), హిమాయత్‌సాగర్ (1927) వచ్చాయి. నదికి ఎగువన అంత శ్రద్ధ పెట్టిన నగరంలో తర్వాతి దశాబ్దాల్లో బస్తీల మధ్యనున్న చెరువులు, నాలాలు కుంచించుకుపోయాయి. 2000 ఆగస్టు వరదల తర్వాత కిర్లోస్కర్ కమిటీ నాలాల విస్తరణను సిఫార్సు చేసింది. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఇంకుడు గుంతలకు చట్టబలం ఇచ్చింది. 2020 అక్టోబరు వానలకు బాలాపూర్‌లోని గుర్రం చెరువు కట్ట తెగి దిగువ కాలనీలు మునిగాయి. ఆ తర్వాత చేపట్టిన నాలా అభివృద్ధి పథకం ఎక్కువగా కాంక్రీటు కాలువల మీదే నడిచింది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2010లో వెలువరించిన పట్టణ వరదల మార్గదర్శకాలు ప్రజా పార్కుల్లో, పెద్ద కాలనీల్లో రెయిన్ గార్డెన్లను ప్రణాళికలోనే చేర్చాలని సూచించాయి. తెలుగు రాష్ట్రాల్లో లేఅవుట్ అనుమతికి పార్కు స్థలం వదలడం ఎలాగూ తప్పనిసరే. ఆ స్థలాన్ని కాలనీలోని అతి పల్లపు చోట కేటాయిస్తే వాననీటికీ పనికొస్తుంది. ప్లాట్లు పోగా మిగిలిన మూలకు నెడితే పనికిరాదు.