సునాద సంవత్సరం

జంషెడ్‌పూర్‌లో పెరిగిన పిల్లలకి జూబిలీ అంటే పార్కు. టాటా ఉక్కు కంపెనీకి యాభయ్యేళ్ళు నిండిన సందర్భంగా 1958లో నెహ్రూ వచ్చి తెరిచిన పార్కు. ఏటా మార్చి 3న ఊరంతా అక్కడ దీపాలు చూడ్డానికి పోతుంది. నాకూ చాలాకాలం ఆ మాటకి అంతకుమించి అర్థం తెలియదు.

తెలుగు బైబిలు చదివేవాళ్ళకి మాత్రం దానికి ఇంకో పేరుంది. సునాద సంవత్సరం. లేవీయకాండం 25వ అధ్యాయంలో వస్తుంది. యాభయ్యో ఏట కొమ్ము బూర ఊదాలి. కష్టకాలంలో అమ్ముకున్న పొలం అమ్ముకున్నవాడి ఇంటికే తిరిగి రావాలి. అప్పుకింద పనికి కుదిరినవాడు తన వాళ్ళ దగ్గరికి వెళ్ళిపోవాలి. ఆ ఏడు నేలకి కూడా సెలవే, విత్తనం వెయ్యకూడదు. కూలివాడు, పొలం, నేల ముగ్గురికీ కలిపి ఒకటే పండగ.

ఈ సంచిక కోసం యేసు సభవారి గురించి, అంటే జెసూట్ ఫాదర్ల గురించి రాయమన్నప్పుడు ముందుగా ఆ అధ్యాయమే గుర్తొచ్చింది. వాళ్ళ బడులు, భవనాల సంగతి అందరికీ తెలిసిందే. ఈ మూడు లెక్కల్లో వాళ్ళ ఖాతా ఎలా ఉందన్నది చూద్దాం.

మొదట కూలి లెక్క. స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లో అమెరికాలోని మేరీల్యాండ్ నుంచి జెసూట్లు ఈ ఊరికి వచ్చారు. 1947లో లయోలా స్కూలు మొదలైంది. 1949లో ఫాదర్ క్విన్ ఎన్‌రైట్ ఇంకో బడి తెరిచారు. దాని పేరు జేవియర్ లేబర్ రిలేషన్స్ ఇన్‌స్టిట్యూట్. ఇవాళ దేశమంతా ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐ అంటోంది, హైదరాబాదు కోచింగ్ సెంటర్ల గోడల మీద కూడా ఆ నాలుగక్షరాలు కనిపిస్తాయి. కానీ అది పుట్టింది ఎంబీఏ కోసం కాదు. తొలినాళ్ళలో డ్యూటీ దిగి వచ్చిన యూనియన్ వాళ్ళకీ, వాళ్ళతో బేరమాడాల్సిన ఆఫీసర్లకీ సాయంత్రంపూట పాఠాలు చెప్పేవారు. సమ్మె నోటీసు ఎలా రాయాలి, ఒప్పందం ఎలా చదవాలి, చట్టం ఏమంటోంది. ఇప్పుడు సంస్థ తన్ను తాను మేనేజిమెంట్ స్కూలని చెప్పుకుంటుంది. పొట్టి పేరులో 'ఎల్' అక్షరం మిగిలింది, దాని వెనక లేబర్ అనే మాట ఉందని చేరే పిల్లల్లో ఎంతమందికి తెలుసో! పారిశ్రామిక శాంతికి సర్ జహంగీర్ ఘాండీ పేరిట అది ఇచ్చే పతకం ఒకటే ఆ పాత సాయంత్రాల్ని గుర్తుచేస్తుంది.

అయితే ఈ ఊళ్ళో కార్మికుడి పక్కన నిలబడ్డ మొదటి పాస్టరు జెసూటు కాదు, ఆంగ్లికన్. దీనబంధు సి.ఎఫ్. ఆండ్రూస్. రోజుకి ఎనిమిది గంటల పని 1912లోనే ఇచ్చిన కంపెనీ ఇది, ఆ ఘనత దానిదే. అయినా 1920లో సమ్మె వచ్చింది, పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు, లేబర్ అసోసియేషన్ పుట్టింది. దాన్ని గుర్తించడానికి కంపెనీ ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు, కార్యదర్శిని పనిలోంచి తీసేసింది. శాంతినికేతన్ నుంచి ఆండ్రూస్ వచ్చి మధ్యవర్తిగా కూర్చున్నారు, అసోసియేషన్‌కి అధ్యక్షుడయ్యారు. 1925 ఆగస్టులో గాంధీని కూడా ఇక్కడికి రప్పించారు. అప్పటికి గాని గుర్తింపు రాలేదు. ఇదే ఆండ్రూస్ తర్వాత ఏఐటీయూసీకి కూడా అధ్యక్షత వహించారు. ఆ కుర్చీలోనే కూర్చున్న మన వి.వి. గిరి ఖరగ్‌పూర్ రైల్వే కార్మికుల మనిషి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైలెక్కి ఇటు వచ్చిన మన తాతలకి ఈ పేర్లు పుస్తకాల్లో చదివినవి కావు, గేటు మీటింగుల్లో విన్నవి.

ఇక పొలం లెక్క. ఇది పాతది, చిక్కుది. సాక్చీలో, అంటే ఇప్పటి జంషెడ్‌పూర్‌లో, పొగగొట్టం లేవకముందే, 1885లో బెల్జియం జెసూట్ కాన్‌స్టాంట్ లీవెన్స్ రాంచీ వచ్చారు. ముండా, ఉరావ్ రైతుల భూముల్ని జమీందార్లూ ఠికాదార్లూ కోర్టు కాగితాలతో లాగేసుకుంటున్న రోజులవి. వెట్టి సరేసరి. ఆయన కౌలు చట్టం నేర్చుకున్నారు, రైతుల్ని కోర్టుకి నడిపించారు. కేసులు గెలిచిన ఊళ్ళకి ఊళ్ళే క్రైస్తవంలోకి వచ్చాయి. భూమి కోసం మతం మారారని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. అందులో కొంత నిజం లేకపోలేదు. ఆకలిగా ఉన్నవాడికి ముందు పొలమే కనబడుతుంది మరి.

బిర్సా ముండా మిషన్ బడిలో చదివి, మిషన్‌కే ఎదురుతిరిగినవాడు. 1899 క్రిస్మస్ ముందురోజు ఆయన మనుషుల బాణాలు సర్వదా మిషన్ మీద పడ్డాయి. అక్కడి ఫాదర్ జాన్ హాఫ్‌మన్ జర్మన్ జెసూట్. తన మీదికి బాణం వచ్చిన చోటనే ఉండి ముండాల భాష, భూమి కట్టుబాట్లు రాసుకుంటూ పోయారు. 1908లో ఛోటానాగ్‌పూర్ కౌలు చట్టం వచ్చినప్పుడు ముండాల ఉమ్మడి హక్కుల గురించి దానికి ఆధారమైన పత్రం రాసింది ఆయనే. మరుసటేడు వడ్డీ వ్యాపారి కోరల నుంచి తప్పించడానికి సహకార పరపతి సంఘం పెట్టారు. అయితే లెక్క సరిగ్గా చెప్పాలంటే ఆ చట్టానికి అసలు కారణం బిర్సా. హాఫ్‌మన్ దాన్ని కాగితం మీద పెట్టారు. ఆదివాసీ భూమి బయటివాడి చేతికి పోకూడదనే ఆ చట్టం ఇక్కడ ఎంత ముఖ్యమో అర్థం కావాలంటే మన ఏజెన్సీలో 1/70 చట్టాన్ని తలుచుకోండి. చిత్రమేమిటంటే, సాక్చీలో కారఖానా పునాదులు తవ్వడం మొదలైంది కూడా ఆ 1908లోనే.

చట్టం వచ్చినంత మాత్రాన భూమి ఆగలేదు. గనులు, ఆనకట్టలు, కారఖానాలు తింటూనే ఉన్నాయి. 1975లో జెసూట్ల 32వ మహాసభ విశ్వాస సేవతోపాటు న్యాయం కోసం పనిచెయ్యడం కూడా తమ బాధ్యతేనని తీర్మానించింది. అప్పటి యేసు సభ అధిపతి పెద్రో అరూపే. ఆ తీర్మానాన్ని అక్షరాలా నమ్మినవాళ్ళలో ఒకరు జంషెడ్‌పూర్ ప్రావిన్సు జెసూట్ స్టాన్ స్వామి. తిరుచ్చి వైపు మనిషి. కుర్రతనంలో చాయిబాసా దగ్గర హో ఆదివాసీ పిల్లలకి పాఠాలు చెబుతూ వాళ్ళతో సంతకి వెళ్ళేవారు. తూకంలో, ధరలో వాళ్ళని షావుకార్లు ఎలా ముంచుతున్నారో ఆ సంతలోనే చూశారు. ఆ తర్వాతి బతుకంతా ఆ సంతకి కొనసాగింపే. ఈ ఊరికి దగ్గర్లోని జాదూగోడా యురేనియం వ్యర్థాల కట్ట మీద ఆందోళనలో ఉన్నారు. రాంచీలో బగైచా అనే సామాజిక కేంద్రం నడిపారు. విచారణ లేకుండా జైళ్ళలో మగ్గుతున్న ఆదివాసీ కుర్రాళ్ళ లెక్కలు తీశారు. 2016లో పాత కౌలు చట్టాన్ని సడలించబోతే వద్దన్నవాళ్ళలో ఆయనా ఒకరు. మరుసటేడు అప్పటి గవర్నరు ద్రౌపదీ ముర్ము ఆ బిల్లును వెనక్కి పంపారు.

2020 అక్టోబరులో భీమా కోరేగావ్ కేసులో ఆయన్ని అరెస్టు చేశారు. అప్పటికి 83 ఏళ్ళు, పార్కిన్సన్స్ జబ్బు. గ్లాసు పట్టుకోలేని చేతులకి నీళ్ళు తాగే స్ట్రా కావాలని కోర్టులో అడుక్కోవలసి వచ్చింది. 2021 జూలై 5న విచారణ మొదలు కాకుండానే ముంబై ఆసుపత్రిలో ఖైదీగానే పోయారు. నేరం చేశారా అన్నది కోర్టులో తేలలేదు, ఇక తేలదు కూడా. ఆయన పేరుమీద పడ్డ మచ్చ తుడవాలని తోటి జెసూట్లు బొంబాయి హైకోర్టు తలుపు తట్టారు. ఒక సంస్థ తన మనిషిని చచ్చాక కూడా వదులుకోకపోవడం ఈ కాలంలో తక్కువ మాటేం కాదు.

మూడోది నేల, నీళ్ళు. ఈ లెక్క కొత్తది, పలచనిది. ఎక్స్‌ఎల్‌ఆర్‌ఐలో అరూపే పేరిటే పర్యావరణ కేంద్రం ఉంది. పోప్ ఫ్రాన్సిస్ 2015లో భూమిని అందరి ఉమ్మడి ఇల్లన్నాక పారిష్‌లలో మొక్కలు నాటడం ఎక్కువైంది. మంచిదే. కానీ మొక్క పక్కన తీయించుకున్న ఫొటో ఆ మొక్క కంటే ఎక్కువకాలం బతుకుతోందని ఇంటి దగ్గర మనమూ చూస్తూనే ఉన్నాం. దల్మా అడవి అంచున ఉన్న ఊళ్ళు అడవిని కాపాడాయంటే అందులో ఆ పాత చట్టం పాలు ఉందని నా నమ్మకం. సోనారీ దగ్గర ఖర్కాయి సువర్ణరేఖలో కలిసేచోట నిలబడి ఆ నీళ్ళ రంగు చూస్తే మాత్రం ఈ ఊళ్ళో ఏ చర్చీ, ఏ గుడీ, ఏ కంపెనీ తన వంతు ఇంకా చెల్లించలేదనిపిస్తుంది.

మన ఇంటి కబురొకటి. 1969లో కోస్తాని తుఫాను ముంచినప్పుడు, బీహార్ కరువు పనుల్లో ఆరితేరిన బెల్జియం జెసూట్ మైకేల్ విండీ గుంటూరు వచ్చారు. అక్కడ విలేజ్ రీకన్‌స్ట్రక్షన్ ఆర్గనైజేషన్ పెట్టి కూలిన పల్లెల్ని ఇల్లిల్లుగా కట్టుకునే పని ఎత్తుకున్నారు. మనం అన్నం వెతుక్కుంటూ ఇటు వచ్చాం. ఇటు పనిచేసిన మనిషి మన పల్లెలు నిలబెట్టడానికి అటు వెళ్ళాడు.

చివరగా ఒక విన్నపం. 1949 తర్వాత ఆ సాయంత్రపు క్లాసులకి వెళ్ళిన తెలుగువాళ్ళు కద్మాలోనో, బిష్టుపూర్‌లోనో, టెల్కోలోనో ఉండే ఉంటారు. మీ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున పాత సర్టిఫికెట్టు, యూనియన్ రసీదు, పాఠం రాసుకున్న నోటుబుక్కు ఏదైనా ఉంటే చెదలు పట్టకముందే బయటికి తీయండి. సంస్థ చరిత్రలో ఫాదర్ల పేర్లున్నాయి, ముందు బెంచీల మీద కూర్చున్నవాళ్ళ పేర్లే లేవు.